కథ వింటూ అల్లిన మేజోళ్ళు

1624లో ఐస్‌లాండ్ తీరం నుంచి ఓడలకెక్కిన సరుకులో 72 వేల జతలకు పైగా ఉన్ని మేజోళ్ళు, 12 వేల జతలకు పైగా చేతి తొడుగులు ఉన్నాయి. అప్పటికి ఆ దేశంలో మిల్లు లేదు, పట్టణమూ లేదు. విసిరేసినట్టు దూరదూరంగా ఉన్న కమతాలు, వాటి నడుమ లావా రాళ్ళు, వాగులు. దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత, 1703లో, దేశంలో ఉన్న ప్రతి మనిషినీ పేరుతో సహా రాసుకుని జనాభా లెక్క తీస్తే తేలినవాళ్ళు 50,358 మంది. ఆ లెక్కన చూస్తే చంటిపిల్లల్నీ, మంచం పట్టిన ముసలివాళ్ళనీ కలుపుకున్నా తలకి ఒక జతకు మించే పరదేశానికి పోయింది. ఇంట్లోవాళ్ళు తొడుక్కుని చించుకున్నవి దీనికి అదనం.

ఇన్ని మేజోళ్ళు ఎవరు అల్లారు? ఇంటిల్లిపాదీ. ఎప్పుడు అల్లారు? చలికాలం సాయంత్రాలు, ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ.

ఆ సాయంత్రాలకు ఐస్‌లాండ్ వాళ్ళు పెట్టుకున్న పేరు క్వోల్డ్‌వాకా, సాయంత్రపు జాగారం అనుకోవచ్చు. ఈ సంగతి మొదటిసారి విన్నవాళ్ళు మురిసిపోతారు. బయట మంచు, లోపల దీపం, చేతిలో ఊలు, చెవిలో కథ. దృశ్యం అందంగానే ఉంటుంది. కానీ ఆ గదిలో చదువు పనికి విరామంగా రాలేదు, పని ఆగకుండా ఉండడానికి వచ్చింది. నిద్ర ముంచుకొచ్చే వేళ పది జతల చేతుల్ని ఇంకో నాలుగు గంటలు ఆడించాలంటే కథకు మించిన మందు ఆ ఇంటి యజమానికి దొరకలేదు. ఆ అవసరం కూడా తోడై, బడులు దాదాపు లేని దేశంలో అందరికీ చదవడం వచ్చింది.

అల్లిక ఆ దేశంలో పుట్టింది కాదు. పదహారో శతాబ్దంలో చేపల కోసం, వర్తకం కోసం వచ్చిపోయే ఇంగ్లిష్, జర్మన్, డచ్చి వాళ్ళ వెంట వచ్చి ఉంటుందని చరిత్రకారుల అంచనా. దక్షిణ తీరంలో స్తోరాబోర్గ్ అనే పాత కమతం తవ్వకాల్లో దొరికిన చేతి తొడుగు ఆ శతాబ్దపు మొదటి సగానిది. అక్కడ ఇప్పటిదాకా దొరికిన అల్లిక వస్తువుల్లో అదే పాతది. అంతకు ముందు శతాబ్దాల తరబడి నడిచింది నేత. గోడకు ఆనించి నిలబెట్టే మగ్గం మీద, నిలువు పోగుల కొసలకు రాళ్ళు కట్టి, ఆడవాళ్ళు నిలబడి నేసేవారు. అలా నేసిన వాద్‌మాల్ అనే ముతక ఉన్ని గుడ్డే ఆ రోజుల్లో డబ్బు. శిస్తు, జరిమానా, పెళ్ళి కట్నం అన్నీ గుడ్డ కొలతల్లోనే చెల్లేవి.

మగ్గానికి చోటు కావాలి, వెలుతురు కావాలి, బారెడు చేతులున్న మనిషి కావాలి. సూదులకు ఇవేవీ అక్కర్లేదు. మంచం మీద కూర్చుని అల్లవచ్చు, మసక వెలుతురులో తడిమి అల్లవచ్చు, పొరుగు కమతానికి కబురు చెప్పడానికి పోతూ దారిలో అల్లవచ్చు. నడుస్తూ మేజోళ్ళు అల్లే మనుషుల గురించి అక్కడికి వెళ్ళిన యాత్రికులు ఆశ్చర్యపోతూ రాసుకున్నారు. మగ్గం పని చాలామటుకు ఆడవాళ్ళది. అల్లికకు ఆ పట్టింపు లేదు. ఇంటి యజమాని, జీతగాడు, ముసలమ్మ, పిల్లవాడు, అందరి చేతుల్లోనూ సూదులే.

ఉన్ని కూడా మామూలు ఉన్ని కాదు. ఐస్‌లాండ్ గొర్రెకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైది పొడుగ్గా, గట్టిగా, వాన నీరు జారిపోయేలా ఉంటుంది. కింది పొర పొట్టిది, మెత్తనిది, వెచ్చనిది. ఈ రెంటినీ చేత్తో లాగి వేరు చేయడం మొదటి పని. తర్వాత మేకుల దువ్వెనలతో ఏకడం, కదురు మీదో రాట్నం మీదో వడకడం, పోగులు పేనడం, ఆ పైన అల్లడం. అల్లినదాన్ని వేడినీళ్ళలో వేసి, చేతులతో పిసికి, కాళ్ళతో తొక్కి, దట్టంగా బిగిసేదాకా కుదించడం ఆఖరి పని. ముందే బాగా పెద్ద సైజులో అల్లుకుంటేనే చివరికి కాలికి సరిపోయేది.

జాలర్ల చేతి తొడుగు ఒకటి చూస్తే ఈ పనివాళ్ళ తెలివి తెలుస్తుంది. దానికి రెండు బొటనవేళ్ళు ఉంటాయి, ఆ పక్కొకటి, ఈ పక్కొకటి. తెడ్డు వేసేటప్పుడూ గాలపు తాడు లాగేటప్పుడూ అరచేతి వైపు అరిగిపోతుంది. అప్పుడు తొడుగును తిప్పి తొడుక్కుంటే అరగని వైపు అరచేతికి వస్తుంది, రెండో బొటనవేలు పనిలోకి దిగుతుంది. నడిసముద్రంలో మాసిక వేసే తీరిక ఎవరికుంటుంది గనక.

ఇక ఆ గది. చెక్క దొరకని దేశం కావడంతో ఇళ్ళన్నీ గడ్డి వేళ్ళతో పట్టుకుని ఉన్న మట్టిపెళ్ళలతో కట్టినవే. లోపల బాథ్‌స్తోవా అనే పొడవాటి గది. అటూ ఇటూ గోడల వెంబడి మంచాలు, ఒక్కో మంచం మీద ఇద్దరు. పడక, భోజనం, పని, కాన్పు, చావు అన్నీ అక్కడే. చాలా ఇళ్ళలో ఆ గదికి ప్రత్యేకంగా పొయ్యి ఉండేది కాదు. మనుషుల ఒంటి వేడే గది వేడి. కొన్ని ప్రాంతాల్లో కింద ఆవుల్ని కట్టి పైన మనుషులు పడుకునేవారు. ఆ వాసనతో కూడిన వెచ్చదనం కూడా వాళ్ళకు లెక్కే.

అక్టోబరు చివర్లో చలికాలం మొదలైతే ఈ జాగారం మొదలయ్యేది. పొద్దుగూకాక దీపం వెంటనే వెలిగించేవారు కాదు. మసక చీకట్లో అందరూ ఒక కునుకు తీసేవారు. నూనె ఖరీదు మరి. సొరచేప కాలేయం నుంచో సీలు కొవ్వు నుంచో తీసిన నూనె, అందులో బీళ్ళలో పెరిగే ఒక గడ్డి పూల దూదితో చేసిన వత్తి. ఆ దీపం పొగ, కంపు తప్ప వెలుగు పెద్దగా ఇచ్చేది కాదు. పుస్తకం పట్టుకున్న మనిషికి దీపం పక్కన చోటు. అల్లేవాళ్ళు కాస్త దూరంగా ఉన్నా ఫరవాలేదు, వేళ్ళకే కళ్ళుండేవి. పుస్తకం చదివేవాడికి ఆ పూట ఉన్ని పని మాఫీ. గొంతు బాగుండి తడుముకోకుండా చదివే కుర్రాడికో పిల్లకో ఆ ఇంట్లో ఎంత గిరాకీ ఉండేదో ఊహించుకోవచ్చు.

వత్తులు చేసుకుంటూ పురాణం వినే అమ్మమ్మల్ని చూసిన తెలుగువాళ్ళకు ఇదంతా మరీ కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే అక్కడ చేతి పని పుణ్యం కోసం కాదు, అప్పు తీర్చడం కోసం. 1602 నుంచి 1787 దాకా ఐస్‌లాండ్ వర్తకమంతా డెన్మార్క్ రాజు అనుమతి ఉన్న వర్తకుల గుత్తలో ఉంది. పిండి, చెక్క, ఇనుము, గాలపు తాళ్ళు, ఏది కావాలన్నా వాళ్ళ దగ్గరే కొనాలి, వాళ్ళు కట్టిన ధరకే చేపలూ మేజోళ్ళూ అమ్మాలి. సొంత కమతం లేనివాళ్ళు ఏడాది కాలం ఎవరో ఒక రైతు ఇంట్లో జీతానికి ఉండి తీరాలనే చట్టం మరోపక్క. కాబట్టి ఆ గదిలో కూర్చున్న వాళ్ళంతా ఒక కుటుంబం అంటే రక్తసంబంధం ఒక్కటే కాదు. జీతగాళ్ళు, పనిమనుషులు, గ్రామం ఖర్చు మీద పెట్టిన అనాథ పిల్లలు, అందరూ అక్కడే, ఆ కథే వింటూ.

పిల్లలకు అల్లిక ఏడెనిమిదేళ్ళకే పట్టుబడేది. అసలు చిక్కు మొదటి వరస. సూది మీద ఉచ్చులు ఎక్కించేటప్పుడు బిగుసుకుపోతే రెండో సూది దూరదు, వదులైతే జారిపోతాయి. అది దాటితే మేజోడు అల్లడం, చూసేవాళ్ళు భయపడేంత కష్టం కాదు. నాలుగు సూదులు చదరంగా నిలబడి ఉచ్చుల్ని మోస్తాయి, ఐదో సూది పని చేస్తుంది. ఉచ్చులోకి సూది దూర్చు, దారం చుట్టు, లాగు, పాతది వదులు. గుండ్రంగా తిరుగుతూ పోతాం కాబట్టి ఎప్పుడూ బయటి వైపే కళ్ళెదుట ఉంటుంది. వెనక్కి తిప్పి మరో రకం కుట్టు వేసే పని లేదు. ఒకే కుట్టు వందలసార్లు. పిల్లవాడికి కునుకు రాకుండా ఉండాలంటే కథ ఉండాల్సిందే. మడమ దగ్గర మాత్రం లెక్క తప్పకూడదు. అక్కడికి వచ్చేసరికి పెద్దవాళ్ళెవరో చెయ్యి వేసేవారు.

అక్షరాలూ ఆ గదిలోనే. తల్లి సూదులు ఆపకుండా పిల్ల పక్కన కూర్చుని చదివిస్తుంది, తప్పు చదివితే సరిదిద్దుతుంది. పలక, బెత్తం, పంతులు ఏమీ లేవు.

దీన్ని ఊరికే ఇళ్ళ ఇష్టానికి వదల్లేదు సర్కారు. 1741లో లుద్విగ్ హార్బో అనే డెన్మార్క్ మతాధికారిని పంపి నాలుగేళ్ళపాటు జిల్లా జిల్లా తిరిగి ఎవరికి చదవడం వచ్చో ఎవరికి రాదో చూడమన్నారు. అప్పటికి చదవగలిగినవాళ్ళు ఇంచుమించు సగం. చదవడం వచ్చి, మత ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితేనే చర్చిలో కన్ఫర్మేషన్ అనే క్రతువు, అది జరిగితేనే పెద్దవాళ్ళలో లెక్క, పెళ్ళి. పాదిరీ ఏటా ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా చదువు ఎలా వస్తుందో రిజిస్టర్లో రాసేవాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి చదవడం రాని పెద్దవాళ్ళు అరుదైపోయారు. రాయడం మాత్రం అందరికీ రాలేదు, దాన్ని పాదిరీలు అడగలేదు గనక. రాతా లెక్కా కూడా పిల్లలకు నేర్పాలనే చట్టం 1880లో గానీ రాలేదు.

పాదిరీలు ఏం చదవమన్నారు, జనం ఏం చదివారు అన్నది వేరే కథ. 1746లో ఇంటి క్రమశిక్షణ గురించి వచ్చిన రాజాజ్ఞ, పనికిమాలిన కథలూ, రీముర్ అనే కథాగేయాలూ ఇళ్ళలో చదవకుండా చూడమని పాదిరీలకు చెప్పింది. సాయంత్రాలు భక్తి గ్రంథాలకే అంకితం కావాలని దాని ఉద్దేశం. ఇళ్ళవాళ్ళు రెంటికీ చోటిచ్చారు. ముందు కథ, చివర దేవుడు. బిషప్ యోన్ వీదలీన్ ప్రసంగాల పుస్తకం 1718 నుంచి 1720 మధ్య హోలార్ అచ్చుకూటంలో అచ్చయి ఇంటింటికీ చేరింది. అందులోని ప్రసంగం చదివే వేళకు మాత్రం సూదులు పక్కన పెట్టేవారు. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో 1666లో అచ్చయిన హల్‌గ్రీముర్ పేతుర్సన్ యాభై కీర్తనలు, రోజుకొకటి చొప్పున పాడేవారు. సూది ఆగిందంటే దేవుడి వేళ, ఆడుతోందంటే కథ వేళ.

కథలంటే ముఖ్యంగా సాగాలు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో దూడ తోలు మీద రాసిన వీరుల కథలు, వంశకక్షలు, కోర్టు తగాదాలు. అచ్చుకూటం చర్చి చేతిలో ఉండడంతో చాలాకాలం ఈ పుస్తకాలు చేతిరాత ప్రతులుగానే తిరిగాయి. అరువు తెచ్చుకోవడం, రాసుకోవడం, తిరిగి ఇచ్చేయడం. ఈ రాత పని పందొమ్మిదో శతాబ్దం దాటి కూడా ఆగలేదు. మాగ్నుస్ యోన్సన్ అనే పడమటి ప్రాంతపు రైతు సేద్యం చేసుకుంటూనే ఇరవై సంపుటాల కథల్ని ఎత్తి రాశాడు. 1922లో ఆయన పోయేనాటికి మోటారు కార్లు కూడా వచ్చేశాయి.

పాత తోలు ప్రతులకు పట్టిన గతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ప్రొఫెసర్ ఆర్ని మాగ్నుసన్ పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ప్రభుత్వం తరఫున భూముల సర్వే కోసం దేశమంతా తిరుగుతూ దొరికిన ప్రతి తోలు ముక్కా పోగుచేశాడు. స్తుర్లుంగా సాగా ప్రతిలోని ఒక పుట ఆయనకు దుస్తులు కత్తిరించే కొలత ముక్కగా దొరికింది, అక్షరాల మధ్యనుంచే చంక కత్తిరించి ఉంది. మరో పుస్తకపు ఆకుల్ని బిషప్ టోపీ బిగువుగా నిలబడడానికి లోపల పెట్టి కుట్టారు. కథ విని బట్ట కుట్టిన ఇళ్ళలోనే కథనే బట్టకు వాడేశారు. కాగితం మీద కొత్త ప్రతి రాసుకున్నాక పాత తోలు వాళ్ళకు తోలే.

సాగాల పక్కన రీముర్. పాత కథలనే ప్రాసలతో, అంతులేని ఉపమానాలతో పద్యకావ్యాలుగా కట్టి, చదవకుండా ఒక రకమైన రాగంలో లాగి పాడేవారు. చరణం చివర స్వరాన్ని వినేవాళ్ళు కూడా అందుకునేవారు. ఇంటింటికీ తిరిగి పాడి, తిండీ పడకా సంపాదించుకునే గాయకులు ఉండేవారు. 1837లో కవి యోనాస్ హల్‌గ్రీమ్సన్ తన పత్రికలో ఈ ప్రక్రియను చీల్చి చెండాడాడు. అప్పటికి జనం మెచ్చిన రీముర్ కవి సిగుర్దుర్ బ్రెయిద్‌ఫ్యోర్డ్ కావ్యం ఒకటి తీసుకుని, ఇది కవిత్వమే కాదు, పదాల మోత అని తేల్చేశాడు. సాహిత్య చరిత్రల్లో గెలుపు యోనాస్‌దే. అయితే ఆయన ఆ పుస్తకాన్ని కోపెన్‌హాగెన్‌లో బల్ల ముందు కూర్చుని కళ్ళతో చదివాడు. మడమ దగ్గర ఉచ్చులు లెక్కపెట్టుకుంటూ ఒక చరణం జారవిడిచి, తర్వాతి చరణంలో మళ్ళీ కథ అందుకునే మనిషి కోసం కట్టిన పద్యం అది. ఒకే వీరుణ్ణి నాలుగు రకాల పేర్లతో పిలవడం, చెప్పిందే మళ్ళీ చెప్పడం చేతులు ఖాళీగా లేనివాడికి ఉపకారమే. విమర్శకుడు ఈ సంగతి పట్టించుకోకపోవడం అన్యాయం. రీముర్ అభిమానులు మాత్రం ఆయన మాట చెవిన పెట్టలేదు, ఇంకో రెండు తరాలు పాడుతూనే ఉన్నారు.

ఈ కథలో నలుపు కూడా ఉంది. క్రిస్మస్ ముందు వారం వర్తకుడి బాకీ, ఇంటివాళ్ళ కొత్త బట్టలు రెండూ మీదపడేవి. నిద్ర ఆగనివాళ్ళ కనురెప్పలకు చిన్న పుల్లలు అడ్డం పెట్టేవారని జానపద ఆచారాలు సేకరించిన పాదిరీ యోనాస్ యోనాసన్ రాశాడు. 1934లో అచ్చయిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఈ విషయాలకు పెద్ద ఆధారం. పండక్కి ఒక్క కొత్త బట్ట అయినా తొడుక్కోనివాణ్ణి పట్టుకుపోయే రాకాసి పిల్లి కథ ఆ ఒత్తిడిలో పుట్టిందనే అంటారు. ఇవాళ క్రిస్మస్ వేళ రేక్యావిక్ నడివీధిలో ఆ పిల్లి బొమ్మను విద్యుద్దీపాలతో నిలబెడుతున్నారు, పర్యాటకులు దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. అంతకన్నా చీకటి రోజులూ ఉన్నాయి. 1783లో లాకీ అగ్నిపర్వతం బద్దలై గడ్డి విషమైనప్పుడు గొర్రెల్లో అధిక భాగం చచ్చాయి, జనంలో ఐదో వంతు దాకా పోయారు. గొర్రె లేకపోతే ఆ గదిలో సాయంత్రమే లేదు.

1861లో వచ్చిన డెన్మార్క్ చిత్రకారుడు ఆగస్ట్ షియోట్ గీసిన క్వోల్డ్‌వాకా బొమ్మ ఐస్‌లాండ్ పుస్తకాలకు ఎక్కింది. దీపం దగ్గర ఒకరు చదువుతుంటే చుట్టూ మిగతావాళ్ళు పనిలో ఉంటారు. బొమ్మ బాగుంటుంది, చేపనూనె కంపు మాత్రం అందులో రాదు.

తర్వాత అంతా త్వరగా మారింది. కిరోసిన్ దీపం వచ్చింది, వెలుగు గదంతా పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకునే వీలు కలిగింది. అల్లిక యంత్రాలు వచ్చాయి. 1896లో ఆలాఫోస్ ఉన్ని మిల్లు పెట్టారు. పల్లెలు ఖాళీ అయి జనం చేపల రేవులకు చేరారు. 1907 చట్టం పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు బడి తప్పనిసరి చేసింది. పదేళ్ళ లోపు చదువు మాత్రం ఇంకా ఇంటి బాధ్యతే. 1929లో రీముర్ గాయకులు రేక్యావిక్‌లో ఇదున్ అనే సంఘం పెట్టుకుని, మరికొన్నేళ్ళకు తమ రాగాలను రికార్డుల మీదికి ఎక్కించారు. 1930 డిసెంబరులో జాతీయ రేడియో మొదలైంది. రేడియో ఆ పాత పేరునే తీసుకుని క్వోల్డ్‌వాకా కార్యక్రమం నడిపింది. సాగాలు చదివింది. హల్‌గ్రీముర్ కీర్తనలు ఇప్పటికీ ఏటా ఉపవాస దినాల్లో రోజుకొకటి వినిపిస్తోంది. అంటే చదివేవాడు గదిలోంచి పెట్టెలోకి మారాడు, అల్లేవాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు.

అల్లిక కూడా రూపు మార్చుకుంది. వడకని మెత్తని ఉన్ని పట్టీని నేరుగా సూదుల మీదికి ఎక్కించవచ్చని ఎలీన్ గుద్‌ముంద్స్‌దోత్తిర్ స్నైహోల్మ్ అనే ఆవిడ 1923లో హ్లీన్ అనే పత్రికలో రాసింది. వడికే శ్రమ తప్పింది. ఆ ఉన్నితోనే, మెడ చుట్టూ గుండ్రటి నమూనాతో ఉండే లోపాపేసా అనే స్వెట్టర్ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వాడుకలోకి వచ్చింది. చూసినవాళ్ళు వందల ఏళ్ళ నాటిది అనుకుంటారు గానీ దాని వయసు ఒక అమ్మమ్మ వయసుకు మించదు. ఆ నమూనాలకు ప్రచారం తెచ్చినవాళ్ళలో ఔదుర్ లాక్స్‌నెస్ పేరు తరచూ వినిపిస్తుంది. ఆమె భర్త హల్‌దోర్ లాక్స్‌నెస్ 1955లో నోబెల్ బహుమతి అందుకున్న నవలాకారుడు. ఆయన పెద్ద నవలలో కథానాయకుడైన మొండి రైతు బ్యార్తుర్‌కు లోకంలో రెండే ఇష్టం: గొర్రెలు, రీముర్.

చేత్తో అల్లేవాళ్ళు 1977లో సంఘం కట్టుకుని రేక్యావిక్‌లో సొంత దుకాణం తెరిచారు. తక్కువ కూలికి విదేశాల్లో అల్లించి ఐస్‌లాండ్ పేరుతో అమ్మే సరుకు మీద చాలా రగడ నడిచాక, 2020లో ఐస్‌లాండ్ లోపాపేసా అన్న పేరుకు చట్టరక్షణ వచ్చింది. ఆ దేశపు గొర్రె ఉన్నితో, ఆ దేశంలో, చేత్తో అల్లితేనే ఆ పేరు.

బడుల్లో ఇప్పటికీ ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి అల్లిక నేర్పుతున్నారు. చదువు సంగతి అంత ధైర్యంగా చెప్పుకునేలా లేదు. 2022లో పదిహేనేళ్ళ పిల్లలకు జరిపిన పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో చదివి అర్థం చేసుకోవడంలో ఐస్‌లాండ్‌కు 436 మార్కులు వచ్చాయి. ఓఈసీడీ దేశాల సగటు 476. ప్రతి పదిమందిలో నలుగురు కనీస స్థాయి అందుకోలేదు. ఫలితాలు వచ్చిన నాటి నుంచి పత్రికల్లో, పార్లమెంటులో వాదులాట సాగుతోంది. తప్పు ఫోన్లదని కొందరు, పాఠ్యపుస్తకాలదని కొందరు, పిల్లలకు గట్టిగా చదివి వినిపించే మనిషి ఇంట్లో లేకపోవడమే అసలు కారణమని మరికొందరు.